వెనక్కి పొమ్మనే హక్కు

ఆయన: ఏలూరులో పుట్టి పెరిగిన పిల్లవాడికి అడవంటే సినిమాలో కనబడేదే. చుట్టూ వరి, కొబ్బరి, చేపల చెరువులు, కాలువ గట్లు. కనుచూపు మేరలో కొండ లేదు. తాడేపల్లిగూడెం పిల్లలదీ అదే సంగతి. వాళ్లని తెల్లవారుజామున బస్సెక్కించి, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి తీసుకెళ్లి, అక్కడి మనిషినే ఒకరిని తోడు పెట్టుకుని నాలుగు గంటలు అడవిలో నడిపించి, రాత్రికి ఇళ్లకు చేరిస్తే తప్పేమిటి? ప్రతి బడీ చేయాల్సిన పని అంటాను నేను.

ఆవిడ: తప్పని నేను అనలేదు మాస్టారూ. చాలదంటున్నాను. నాలుగు గంటల నడక కోసం రానూపోనూ ఎనిమిది, తొమ్మిది గంటలు బస్సులో కూర్చోవాలి. ఘాటు ఎక్కేసరికి పదకొండవుతుంది. ఎండ ముదిరాక పిట్ట నోరు విప్పదు, జంతువు నీడ వదలదు. ఇక పిల్లలకు దొరికేదేమిటి? జలపాతం దగ్గర ఫొటో, మధ్యాహ్నం బొంగులో చికెన్. ఇంటికొచ్చి "అడవి చూశాం" అంటారు. చూశామనుకున్నవాడికి మళ్లీ చూడాలనిపించదు. నా భయం అది.

ఆయన: జంతువు కనబడితేనే అడవి చూసినట్టన్న లెక్క దగ్గరే మనం దారి తప్పుతున్నాం. ఆ పక్కనున్న పాపికొండల్లో పులి ఉంది, అడవిదున్న ఉంది, బెట్లుడత ఉంది, రాచనాగు ఉంది. ఏళ్ల తరబడి అక్కడ తిరిగేవాళ్లకే అవి అరుదుగా ఎదురవుతాయి. చెట్టు మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని చూపించేవాడు కావాలి, అంతే. మనవాళ్లు మారేడుమిల్లిని వర్షారణ్యం అనేస్తుంటారు. అమెజాన్‌లాగా, కాంగోలాగా ఏడాది పొడవునా వాన కురిసే అడవి కాదది. ఎక్కువ భాగం ఎండాకాలంలో ఆకు రాల్చే తేమ అడవి. వాగులు పారే లోయల్లో మాత్రం ఆకు రాలని పచ్చటి పట్టీలు ఉంటాయి. కొండ వాలు మీద నుంచి లోయలోకి ఒక్క అరగంట దిగితే చాలు, ఎండ తగ్గిపోతుంది, కాలి కింద మట్టి మెత్తబడుతుంది, తీగలు చెట్లను చుట్టేసి కనిపిస్తాయి. ఈ తేడా పుస్తకంలో చదివితే అర్థం కాదు, ఒంటికి తెలియాలి. పెళ్లిలో మనం భోంచేసిన విస్తరి ఈ అడ్డతీగ ఆకేనని, ఈ జీలుగు చెట్టు నుంచి కల్లు తీస్తారని, కరువు రోజుల్లో దీని బోదెలోని గుజ్జు దంచి పిండి చేసుకుని బతికారని అక్కడి కొండరెడ్డి తెగ మనిషి చెబుతుంటే వినాలి. అందుకు ఒక్క రోజు చాలు.

ఆవిడ: మీరు చెప్పేటప్పుడు బాగానే ఉంటుంది. కానీ వినేవాళ్లు ఎందరు? క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఈ పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్ దాని పేరు. ఆయన వాళ్ల పోడు చూశాడు, పండుగలు చూశాడు, ఆకలి కూడా చూశాడు. ఒక మనిషి బతుకు తెలియడానికి అలా ఉండిపోవాలి. మనం వెళ్లేది నలభై మందిమి. ఉండేది నాలుగు గంటలు. ఆ నలభై మంది ముందు కొండరెడ్డి మనిషి తన తాత తిన్న కరువు పిండి గురించి చెప్పాలి. రేపు ఇంకో నలభై మందికి అదే చెప్పాలి. కొన్నాళ్లకు ఆ మాటలో ప్రాణం ఉంటుందా? ఆయన కష్టం మన వినోదంలో ఒక అంశంగా మారిపోదా?

ఆయన: ఈ ప్రశ్న బరువైనది. దులిపేసుకుని పోలేను. నాదీ ఒక ప్రశ్న ఉంది. ఆయనకు ఇప్పుడున్న మిగతా దారులేమిటి? కొండచీపుళ్లు, తేనె, చింతపండు, కరక్కాయ ఏరి సంతలో అమ్మాలి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, కొంటుంది. అయినా సంతలో దళారీ చెప్పిన ధరకు తలవంచే రోజులు పోలేదు. కాకపోతే కొండ దిగి రంపచోడవరంలోనో రాజమండ్రిలోనో కూలికి పోవాలి. కూలికి పోయినచోట ఆయనకు తెలిసిన విద్యకు విలువ లేదు. అడవిలో దారి చూపే పనికి మాత్రం ఆ విద్యే పెట్టుబడి. కేరళలో పెరియార్ పులుల అభయారణ్యం సంగతి చూడండి. ఒకప్పుడు అక్కడ దొంగతనంగా అడవిలో దూరి చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవాళ్లే తర్వాత సందర్శకులకు దారి చూపేవాళ్లయ్యారు, అడవికి కాపలా కూడా వాళ్లే కాస్తున్నారు. మన దగ్గరా మారేడుమిల్లిలో అటవీశాఖ వన సంరక్షణ సమితుల చేత ఇలాంటి పని చేయించింది. అది ఇంకా బలపడాలంటే వెళ్లేవాళ్లు ఉండాలి కదా.

ఆవిడ: పెరియార్ విషయం ఒప్పుకుంటాను. అక్కడ దారి చూపేవాడికి జీతం ఉంది, గౌరవం ఉంది, వెనక ఒక సంఘం ఉంది. కానీ అడవిని సందర్శకులకు సిద్ధం చేసే పని ప్రతిచోటా అలా జరగలేదు. ఉగాండాలో బ్విండి అడవి ఉంది. గొరిల్లాలను చూడటానికి అక్కడ గట్టి కట్టుబాటు పెట్టారు. ఒక గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మంది, ఒక్క గంట. అంతే. వినగానే మెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ 1991లో దాన్ని జాతీయ ఉద్యానం చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవిలోనే బతికిన బట్వా జనాన్ని బయటకు వెళ్లగొట్టారు. బయటివాడు డబ్బు కట్టి లోపలికి వెళ్లొచ్చు. అక్కడ పుట్టినవాడు మాత్రం వెళ్లకూడదు. మన పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో పోడు ఎవరిది, వాగు ఎవరిది, వెదురు ఎవరు నరకాలి అన్న తగవులు 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పూర్తిగా తెమలలేదు. ఇంటివాడి హక్కు తేలకుండా చుట్టాలను పిలవడం ఏం మర్యాద?

ఆయన: తేలేదాకా ఆగుదామంటే ఎప్పటికీ ఆగాలి. అక్కడి తగవు మైదానంలో ఎవరికీ పట్టకపోతే అది తేలదు కూడా. వెళ్లి చూసినవాడే కదా రేపు వాళ్ల పక్షాన మాట్లాడేది?

ఆవిడ: చరిత్రలో మైదానం వాడు కొండెక్కింది వాళ్ల పక్షాన మాట్లాడటానికి కాదు. జీలుగు, తాటి కల్లును గుత్తకు పట్టి, 1879లో రంప తిరుగుబాటుకు ఒక కారణమైన వ్యాపారులు కింది నుంచి ఎక్కినవాళ్లే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకు సంకెళ్లు వేసింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేచి నిలబడిందంటే, ఘాట్ రోడ్ల పనిలో జరిగిన కూలి దోపిడీ కూడా అందుకు ఒక కారణం. మీ బస్సు ఎక్కే రోడ్లకు అలాంటి గతం ఉంది. చాలాకాలం ఈ కొండల్ని కాపాడింది ఏ చట్టమూ కాదు, మన్యం జ్వరం. మలేరియాకు జడిసి బయటివాళ్లు అంతగా కొండెక్కలేదు. ఇప్పుడు మందులున్నాయి, తారు రోడ్డుంది, సెలవుంది. ఆ పాత కంచె పోయింది. కొత్తది ఇంకా కట్టలేదు.

ఆయన: ఆ కంచె దారి చూపే మనిషే కావాలంటున్నాను నేను. తోడు లేకుండా వెళ్లేవాళ్ల వల్లే ఇంత నష్టం. కార్తీకంలో మారేడుమిల్లి రోడ్డు చూడండి. వనభోజనాల పేరుతో వాగుల పక్కన పొయ్యిలు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు. గుడిస కొండ మీది పచ్చిక కోసం ఎగబడే బండ్లు. అడిగేవాడు లేడు. పక్కన స్థానికుడు ఒకడుంటే ఇందులో సగం జరగదు.

ఆవిడ: మీరు చెప్పారు కాబట్టి, నేను ఎత్తకూడదనుకున్న విషయం ఎత్తుతాను. 2024 సెప్టెంబరులో మన ఏలూరు నుంచే వైద్య విద్యార్థులు మారేడుమిల్లి వెళ్లారు. జలతరంగిణి జలపాతం దగ్గర నీళ్లలో ఉండగా పైనుంచి ఒక్కసారిగా ప్రవాహం వచ్చిపడింది. ముగ్గురు పిల్లలు చనిపోయారు. డాక్టర్లు కావాల్సిన పిల్లలు. ఆ వార్త విన్న రోజు ఈ ఊళ్లో అన్నం సహించిన ఇల్లుండదు.

ఆయన: నాకూ గుర్తుంది. నా వాదానికి అంతకన్నా రుజువు వద్దు. కొండ పైభాగంలో వాన పడితే, కింద ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. మైదానంలో పుట్టినవాడికి ఈ సంగతి ఒంటబట్టదు. మన కాలువలో నీళ్లు లాకు దగ్గర తలుపు ఎత్తితే పెరుగుతాయి, దించితే తగ్గుతాయి. నీళ్లు అలా చెప్పినట్టు వింటాయనే మన నమ్మకం. వాగు పక్కన పెరిగినవాడు రంగు మారడం చూస్తాడు, ఆకూ పుల్లా కొట్టుకురావడం చూస్తాడు, పైకి రమ్మంటాడు. అలాంటి మనిషి పక్కనుంటే ఆ రోజు మరోలా గడిచేదేమో.

ఆవిడ: గడిచేదేమో. కాదనను. కానీ మాస్టారూ, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పాపికొండల బోటులో తోడు లేరా? నడిపేవాళ్లున్నారు, ఆ మలుపు తెలిసినవాళ్లున్నారు. గోదావరి వరద మీద ఉందనీ అందరికీ తెలుసు. ఆదివారం. జనం వచ్చారు, డబ్బు కట్టారు. బోటు కదిలింది. బతికి బయటపడింది ఇరవై ఆరుగురు. ఆ నదిని ఎరిగిన మనిషి ఆ పొద్దున్న "ఇవాళ వద్దు" అనగలిగే స్థితిలో ఉన్నాడా లేడా? నేను అడిగేది అంతే. దారి తెలియడం ఒకటి, ఆపగలగడం ఇంకొకటి. మనం డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి మనల్ని ఆపగలడా?

ఆయన: ఇది నేను ఇంతవరకు సరిగా ఆలోచించని చోటు. దారి చూపేవాడికి తెలివి ఉంటే చాలనుకున్నాను. అధికారం కూడా ఉండాలంటున్నారు మీరు.

ఆవిడ: అవును. మన పక్కనే దానికి ఒక పాత నమూనా ఉంది కూడా. బుట్టాయగూడెం మండలంలో గుబ్బల మంగమ్మ తల్లి గుడికి మనవాళ్లు ఎప్పటి నుంచో వెళ్తూనే ఉన్నారు. జంగారెడ్డిగూడెం దాటి అడవిలోకి, వాగులు దాటుకుంటూ, కోళ్లు, వంట సామాను వేసుకుని. అది కూడా ఒక రోజు అడవి ప్రయాణమే. చీకటి పడేలోగా వెనక్కి వచ్చేయాలి. ఆ కట్టు మాత్రం ఎవరూ దాటరు. ఆ మాట అమ్మవారిదని నమ్మారు కాబట్టి నిలబడింది. జీతం తీసుకునే మనిషి చెబితే నిలబడుతుందా?

ఆయన: గుబ్బల మంగమ్మ దగ్గరా ఆదివారం పూట జనం, చెత్త తక్కువేం కాదులెండి. కానీ మీరన్న విషయం నిజం. సాయంత్రం గడువు మీద అక్కడ బేరం లేదు.

ఆవిడ: ఇంకో మాట. అడవి కోసం అంత దూరం పోవడమెందుకు? ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్తే ఆటపాక ఉంది. పడవెక్కితే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఈ కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు ఒకప్పుడు వేల సంఖ్యలో గూళ్లు పెట్టేవి. ఊళ్లవాళ్లకు అది రోజూ చూసే సంగతే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు చూసి చెప్పేదాకా బయటి ప్రపంచానికి తెలియదు. ముప్ఫై ఏళ్లయినా తిరక్కుండా, 1975 నాటికి ఆ గూళ్ల కాలనీ మాయమైపోయింది. మన ఇంటి ముందున్న అంత పెద్ద సంపదను నిలబెట్టుకోలేని వాళ్లం, కొండల మీది సంపదను చూసి గౌరవిస్తామని ఎలా నమ్మమంటారు? ముందు మనది మనం చూసుకోవడం నేర్చుకుందాం.

ఆయన: ఈ ఉదాహరణ మీ వైపు కన్నా నా వైపే ఎక్కువ మొగ్గుతోంది. ఆ కాలనీ పోయినప్పుడు ఏలూరులో ఎవరైనా ఏడ్చారా? లేదు. ఎందుకంటే ఏలూరు దాన్ని ఎన్నడూ వెళ్లి చూడలేదు. ఇవాళ ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడు కట్టుకున్న పక్షి కోసం మన ఊరి పిల్లవాడు నాన్న చెయ్యి పట్టుకుని పడవెక్కుతున్నాడు. కొల్లేరు అభయారణ్యం హద్దు అయిదో కాంటూరు, అంటే నేల ఎత్తు గీత, దగ్గర ఉండాలా, మూడుకు దించాలా అని గొడవ వచ్చినప్పుడు ఆ పిల్లవాడికి అదేదో తెలియని లెక్కలా వినబడదు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చిన ఆపరేషన్ కొల్లేరు, ఇవన్నీ పైనుంచి వచ్చిన కాగితాలతో జరిగాయి. పక్షిని కంటితో చూసినవాళ్లు మన దగ్గర ఇంకా ఎక్కువమంది ఉండి ఉంటే ఆ కాగితాలకు బలం వచ్చేది.

ఆవిడ: 2006లో గట్లు పేలినప్పుడు దెబ్బతిన్నవాళ్లలో పెద్ద పెట్టుబడిదారులే కాదు, చిన్న వాటా ఉన్న కొల్లేటి మత్స్యకారులూ ఉన్నారు. ఆ ఇళ్లలో ఏడుపు కూడా మీ పిల్లవాడు వినాలి. సరే, ఆటపాక దగ్గర మీ మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడ నడుస్తున్నదెందుకో గమనించారా? మనం పడవలో కూర్చుంటాం. పడవవాడు ఎక్కడ ఆపితే అక్కడే. దిగడానికి లేదు, చెయ్యి చాచినా అందదు. నీళ్లే హద్దు గీశాయి. అడవిలో అలా గీసేది ఏదీ లేదు. రెండు కాళ్లున్న ప్రతివాడూ ఎక్కడికైనా పోగలడు.

ఆయన: హద్దు సంగతి అలా ఉంచండి. పోలవరం ప్రాజెక్టు మాటేమిటి? మన జిల్లాలోని వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లు 2022 జులై వరదలో ఎలా మునిగాయో చూశాం. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ప్రాజెక్టు నిండితే పాపికొండల మధ్య ఆ లోయ, కొండరెడ్ల ఊళ్లు నీటి కిందికే. ఆ నీళ్లెవరికి? మనకు. కుడి కాలువ మన ఏలూరు దగ్గర నుంచే పోతోంది, 2015 నుంచి పట్టిసీమ నీళ్లు అందులో పారుతున్నాయి. అంతకు ముందు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచీ మన అన్నం ఆ కొండల మధ్య నుంచి వచ్చే నీళ్లదే. తాగే నీళ్ల కోసం ఎవరి ఇల్లు మునుగుతోందో ఒక్కసారైనా వెళ్లి చూడకపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది. అది వినోదం కాదు. అప్పు ఇచ్చినవాడి ఇంటికి మొహం చాటేయకుండా వెళ్లడం.

ఆవిడ: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉందనుకోవడం కూడా సబబు కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. అప్పున్నవాడు వెళ్లేది బాకీ తీర్చడానికి. మునిగిపోయేలోగా ఒకసారి చూసేద్దామని వెళ్లేవాడు తీర్చేదేమీ లేదు. పాపికొండల మధ్య గోదావరి ఒడ్డున పేరంటాలపల్లి రేవులో బోటు దిగి, వెదురు బుట్ట కొని, బేరమాడి పది రూపాయలు తగ్గించుకుని వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. చెడ్డవాళ్లు కారు. అంతకు మించి ఏం చేయాలో వాళ్లకెవరూ చెప్పలేదు.

ఆయన: అయితే చెబుదాం. నేను తీసుకెళ్లే బస్సుకు నియమాలు పెడతాను. గుంపు పదిమందికి మించదు, ప్రతి గుంపుకు ఒక స్థానికుడు. డబ్బు నేరుగా సమితికి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో అసలు వెళ్లం.

ఆవిడ: ఆగండి. వానల్లో వెళ్లమంటే తేలికగా అనేశారు. జలపాతాలు పొంగేది అప్పుడే, జనం వచ్చేదీ అప్పుడే. ఆ నాలుగైదు నెలలు మూసేస్తే దారి చూపే మనిషి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? తిండి గింజలు అడుగంటేవి కూడా ఆ నెలల్లోనే. పోడు పంట ఇంకా చేతికి రాదు.

ఆయన: ఇందాకటి నుంచి వెళ్లొద్దన్నది మీరు. ఇప్పుడు మూయొద్దంటున్నదీ మీరే.

ఆవిడ: నేను మొదటి నుంచీ ఆ దారి చూపే మనిషి పక్షానే ఉన్నాను మాస్టారూ. అడవిని వానల్లో మూయాలంటే ఆ నెలల కూలి మనం ముందే ఇవ్వాలి. వెళ్లకపోయినా ఇవ్వాలి. వెళ్లిన రోజున ఆయన వాగు వైపు చూసి "ఇవాళ లాభం లేదు, వెనక్కి తిరగండి" అంటే, పూర్తి డబ్బు చేతిలో పెట్టి, గొణగకుండా బస్సెక్కాలి. అలా ఇవ్వగలిగినప్పుడే ఆయన నోటికి ఆ మాట వస్తుంది. వాపసు అడుగుతారన్న భయం ఉంటే రాదు.

ఆయన: బడిలో ఒప్పిస్తాను.

ఆవిడ: బడి సరే. తల్లిదండ్రులో? నెల ముందు నుంచి పిల్లవాడు ఎదురుచూస్తాడు, తెల్లవారుజామున మూడింటికి లేచి డబ్బా కడతారు. జలపాతం చూడకుండా సాయంత్రం తిరిగొస్తే "మరి డబ్బులో?" అనని ఇల్లు ఎన్ని?

ఆయన: ముందే కాగితం మీద రాయించుకుంటాను. వెనక్కి పంపితే డబ్బు తిరిగిరాదు, వానాకాలం భత్యం కింద ప్రతి టికెట్టు మీదా కొంత కలిపే తీసుకుంటాం అని. సంతకం పెట్టిన ఇంటి పిల్లవాణ్ణే తీసుకెళ్తాను.

ఆవిడ: నలభై సంతకాలు వస్తాయంటారా?

ఆయన: పది రావచ్చు. ఆ పదిమందితోనే వెళ్తాను.

ఆవిడ: ఆ పదిమందీ ఎలాగూ సున్నితమైనవాళ్లే అయి ఉంటారు. మీరు తీసుకెళ్లాల్సింది సంతకం పెట్టని ముప్ఫై మందిని. నేను వద్దన్నదీ వాళ్ల గురించే.

ఆయన: వాళ్లను వదిలేస్తే వచ్చే కార్తీకంలో వాళ్లే సొంత బండి వేసుకుని, ఎవరి తోడూ లేకుండా వాగులో దిగుతారు. అప్పుడేం చేద్దాం?

ఆవిడ: అదే నాకూ తెగడం లేదు. ఆ కాగితం రాయండి. తెలుగులోనే రాయండి, పిల్లలకు కూడా అర్థమయ్యేలా. ముందు కొండ మీది సమితివాళ్లకు చూపించి, వాళ్లు ఏ మాట కొట్టేస్తారో, ఏ మాట చేరుస్తారో చూసి పట్టుకురండి. ఆ తర్వాత మళ్లీ వాదిస్తాను.